పడింది, పడగొట్టాను

ఏం చూశారో ముందు చెప్పండి. పందిట్లో మైకు స్టాండు నేలమీద ఉంది. పక్కనే మైకుసెట్టు సూరన్న తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా హరికథ చెప్పే సింహాద్రి, కాలికి వైరు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతే. చెప్పండి, ఏం చూశారు?

ఊరు మాత్రం ఆలోచించకుండా చెప్పేసింది, సింహాద్రి కొట్టాడని. మైకు కీచుమంటోందని అంతకు ముందే ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు మరి. సూరన్న తలకి ఐదు కుట్లు పడ్డాయి. సింహాద్రి మీద కేసు కట్టారు. బుధవారం పదింటికి స్టేషనుకి విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. కేసు నిలబడితే జైలు. జైలుకెళ్లొచ్చినవాడి చేత కథ చెప్పించుకునే ఊరుండదు.

మంగళవారం పొద్దున్నే సింహాద్రి గురువుగారి అరుగెక్కాడు. కోదండదాసుగారు చింతపండు పెట్టి చిడతల బిళ్లలు తోముతున్నారు.

"లాయరు దగ్గరికి వెళ్లావా?"

"తప్పు చేసినవాడికి గదండీ లాయరు. జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను. నా నోటి సంగతి మీకు తెలియంది కాదు."

"తెలుసు. అందుకే అడిగాను."

తప్పు చేయనివాడికి లాయరెందుకట. ఈ ఒక్క మాట నమ్మి మునిగినవాళ్లందర్నీ కూర్చోబెడితే ఏ పందిరీ చాలదు.

గురువుగారు ఒక కాగితం, పెన్ను తెచ్చుకున్నారు. "నేనే ఎస్సైననుకో. చెప్పు."

"వైరు కాలికి తగులుకుందండి. స్టాండు పడింది. సూరన్నకి తగిలింది."

"బాగుంది. మళ్లీ చెప్పు."

ఈసారి చిడతలు మెల్లగా మోగించారు. సింహాద్రి నడుం నిటారుగా లేచింది.

"కీచుమనే మైకు పెట్టి కథ పాడుచేస్తావా అన్నానండి. వాడు గుడ్లురిమాడు. నేనూ ఉరిమాను."

తాళం హెచ్చింది. సింహాద్రి లేచి నిలబడ్డాడు. గజ్జెలు లేకపోయినా అడుగు పడింది. పక్కింటి రత్తమ్మ గోడమీంచి తొంగి చూసింది. వినే మనిషి దొరికితే ఇంకేముంది.

"కన్నెర్రజేసితిని. కాలు ఝాడించితిని. స్టాండును పడగొట్టితిని. సూరన్న హాహాకారముతో..."

చిడతలు ఆగాయి. రత్తమ్మ చప్పట్లు కొట్టింది. గురువుగారు గబగబా రాసి కాగితం చాపారు.

"నువ్వు చెప్పిందే. సంతకం పెట్టు."

ఆయాసపడుతూ సింహాద్రి పెట్టేశాడు.

"ఇప్పుడు చదువు."

"'స్టాండును నేనే పడగొట్టాను. పదేళ్లపాటు గురువుగారి పంచెలు నేనే ఉతుకుతాను.' ఇదేంటండీ, పంచెలేంటి?"

"మొదటి వాక్యం గురించి అడగవేంరా?"

సింహాద్రి మళ్లీ చదివాడు.

"నేనలా అన్నానా?"

"అన్నావయ్యా, భలేగా అన్నావు," అంది రత్తమ్మ. "కావాలంటే నేను సాక్ష్యం చెబుతాను."

గురువుగారు సింహాద్రి సంచిలోంచి అతని చిడతలు తీసి మేకుకి తగిలించారు. "కేసు తేలేదాకా ఇవి ఇక్కడుంటాయి. డబ్బు లేనివాళ్లకి ఉచితంగా లాయరునిచ్చే ఆఫీసు కోర్టు ఆవరణలో ఉంది. నోటీసు పట్టుకుని ఇప్పుడే వెళ్లు."

బుధవారం మధ్యాహ్నం సింహాద్రి కుంటుకుంటూ తిరిగొచ్చాడు. గురువుగారు అరుగు దిగి ఎదురెళ్లారు.

"కొట్టారట్రా?"

"లేదండి. ఏం జరిగిందని ఎస్సైగారు అడిగారు. స్టాండు పడిందన్నాను. ఇంకా చెప్పబోతే లాయరమ్మగారు నా కాలు తొక్కారు."

"తర్వాత?"

"నడిచే దారికి అడ్డంగా వైరు పరిచిందెవరో కూడా విచారించమని ఆవిడ అడిగారండి. ఎస్సైగారు రాసుకున్నారు. నాకు ఇంకో మాట చెప్పాలనిపించింది గానీ..."

"మళ్లీ తొక్కిందా?"

"అదే కాలండి."

గురువుగారు పడీపడీ నవ్వారు. "కేసు తేలేదాకా ఆవిడే నీ గురువు. పో."

సింహాద్రి పెరట్లోకి వెళ్లి గురువుగారి పంచె నీళ్లలో తడిపాడు. సంతకం పెట్టాడు గదా.

సరే, ఇప్పుడు మీరు చెప్పండి. ఆ స్టాండు పడడం చూశారా, పడి ఉండడం చూశారా?