బకెట్‌లో పులిసిన బురద

కృపానందం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పేవారు కాదు, ముందు చెప్పులు విప్పమనేవారు. నలభై ఏళ్లు కాలేజీలో నేలల శాస్త్రం చెప్పి, రిటైరయ్యాక గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవి పక్కన పెంకుటిల్లు వేసుకున్న మనిషి ఆయన. శ్రావణ మాసంలో ఒకరోజు శిష్యుడు భానోజీ వచ్చి అడిగాడు: "మాస్టారూ, అంకె అబద్ధం చెప్పదని మీరే నేర్పారు. నేను అంకె రాసినందుకు ఊరు ఊరంతా నన్ను తిడుతోందేమిటి?"

తిట్టక హారతి పడుతుందా? ఒక రొయ్యల కామందు ఆ అడవి కొట్టించి చెరువులు తవ్వాలనుకున్నాడు. మట్టి పరీక్షించి రిపోర్టు ఇచ్చే పని భానోజీకి పడింది. ఈ భానోజీ అయ్యగారు వైశాఖంలో ఒక మధ్యాహ్నం, పాటుకు నీళ్లు తీసినప్పుడు వచ్చి, బకెట్‌తో నల్లబురద తవ్వుకుపోయాడు. దాన్ని ఆఫీసు డాబా మీద మూతైనా పెట్టకుండా వదిలేసి పెళ్లిళ్లకు తిరిగాడు. మూడు వారాల తర్వాత పరీక్షించి, పులుపు ఎంతో అంకె వేసి, 'ఈ నేల పులిసిపోయింది, చచ్చిన నేల, చెట్లు కొట్టేసినా పోయేదేమీ లేదు' అని రాసేశాడు. ఇక అతని సంతకం ఒక్కటే మిగిలింది. సోమవారం అది పడితే మంగళవారం యంత్రాలు దిగుతాయి. ఆ బురదలో పీతలు పట్టుకుని బతికే నలభై ఇళ్లవాళ్లు ఎక్కడికి పోవాలో రిపోర్టులో ఏ గడిలోనూ లేదు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాస్టారు వాదించలేదు. "ఆ బకెట్ ఇంకా ఉందా? ఉంటే పట్టుకురా. వచ్చాక చెప్పులు ఇక్కడే విప్పు" అన్నారు.

మర్నాడు ఇద్దరూ బకెట్‌తో అడవిలోకి దిగారు. పెమ్మాడి మంగతల్లి మోకాలిలోతు బురదలో పీత బొరియలు వెతుకుతోంది. వైశాఖంలో భానోజీ గుర్తుకు పాతిన కర్ర ఆమె పక్కనే ఉంది.

"మంగతల్లీ, ఈ బురద ఎలాంటిదో మావాడికి చెప్పు" అన్నారు మాస్టారు.

"ఎప్పుడండీ?" అంది ఆమె.

"ఎప్పుడేమిటి? బురద బురదే కదా" అన్నాడు భానోజీ.

"పోటుకొకలాగ, పాటుకొకలాగ ఉంటదండి. ఎండల్లో నాలిక మీదెట్టుకుంటే ఉప్పుకల్లు. గోదారి ఎర్రనీరు దిగాక, ఇదిగో ఇప్పుడు, సప్పన. ఎప్పటి బురదో సెప్పకుండా అడిగితే నేనేటి సెప్పేది?"

ఆమె మోచేతి దాకా చెయ్యి దూర్చి, కర్ర పక్కనుంచే ఒక ముద్ద తీసింది. కుళ్లిన గుడ్ల కంపు. ముద్దంతా నలుపు, అందులోని చెట్ల వేళ్ల చుట్టూ గాలి తగిలినంత మేర మాత్రం తుప్పు రంగు. మాస్టారు దానికి నీలి లిట్మస్ కాగితం అద్దారు. రంగు మారలేదు. బకెట్‌లో ఎండి పసుపు పొక్కు కట్టిన బురదను తడిపి, దానికీ అద్దారు. కాగితం ఎర్రబడింది.

"ఆ కంపంతా గంధకం. నీళ్ల కింద ఉన్నంతకాలం ఎవరి జోలికీ పోదు. పాటుకు కాస్త గాలి తగిలినా, పోటు వచ్చి మళ్లీ మూసేస్తుంది. నీ డాబా మీదలాగ మూడు వారాలు ఎండనిస్తే యాసిడ్ అవుతుంది" అన్నారు మాస్టారు.

మంగతల్లి బకెట్‌లోకి తొంగిచూసింది. "ఏటండి బాబూ, పీతని ఒడ్డునడేసి, మూడు వారాలకొచ్చి ముక్కు మూసుకుని, ఏట్లో పీతలన్నీ కుళ్లిపోయాయని రాసేత్తారా?"

భానోజీ బకెట్ కేసి చూసి, "మరి చెరువులు తవ్వి ఈ మట్టే గట్లు పోస్తే..." అని ఆగిపోయాడు.

"అప్పుడు అడవంతా నీ బకెట్టే" అన్నారు మాస్టారు.

పోటు మొదలైంది. నీళ్లు బొరియల్లోకి గుటకలేస్తూ దిగుతున్నాయి. ఒడ్డుకు వచ్చాక భానోజీ సంచిలోంచి రిపోర్టు తీసి, "ఇప్పుడు ఏ అంకె వెయ్యమంటారు?" అని అడిగాడు.

"అంకె అలాగే ఉండనియ్. అది అబద్ధం చెప్పలేదు. 'పులిసిపోయింది' అని రాశావు చూడు, ఎవరు పులియబెట్టారో దాని కింద రాయి. సంతకం అక్కడ పెట్టు" అన్నారు మాస్టారు.