బల్ల ముందర తివాచీ

ఓబులేసు చనిపోయాక గంగిరెడ్డికి నిద్ర పట్టడం మానేసింది.

నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఒక కంపెనీలో గంగిరెడ్డి మేనేజరు. ఓబులేసు అదే ఆఫీసులో గుమాస్తా. ఒక మధ్యాహ్నం ఓబులేసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బల్ల మీదికి వాలిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని పక్కవాళ్ళు లేపలేదు. ఆ ఆఫీసులో కునుకు తీసే ధైర్యం ఎవరికీ లేదన్న సంగతి వాళ్ళకు కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

పాడె లేచే ముందు ఓబులేసు భార్య తులశమ్మ గంగిరెడ్డిని ఒకే మాట అడిగింది.

"పొద్దున్నే గుండెలో నొప్పి అన్యాడు సార్. ఆపీసుకు పోయి, సార్‌కు చెప్పి, ఆణ్నుంచి ఆస్పత్రికి పోతా అన్యాడు. మీకు చెప్పలేదా?"

"లేదమ్మా," అన్నాడు గంగిరెడ్డి. "ఒక్క మాట చెప్పింటే నేనే కార్లో తీసకపోయేవాణ్ణి."

అందులో అబద్ధమేమీ లేదు. నిజంగానే తీసుకుపోయేవాడు.

తులశమ్మ శవం వైపు తిరిగింది. "నోరు లేనోడా. ఒక్క మాట చెప్పేకి ఏమొచ్చె నీకు? నన్నూ పిల్లల్నీ ముంచేదానికి నోరు మూసుకున్యావా?" అని తిట్టింది. ఆ రోజు నుంచీ ఆమె ఎప్పుడు ఏడ్చినా ఏడుపు చివర ఆ తిట్టు ఉంటోందని వీధిలో వాళ్ళు చెప్పారు.

ఆ తిట్టే గంగిరెడ్డిని పట్టుకుంది. మనిషి నోరు తెరవకుండా చచ్చిపోయాడంటే ఆఫీసులో ఏదో లోపం ఉంది. మేనేజర్లకు లోపం కనిపిస్తే ముందు అంగడి గుర్తొస్తుంది.

మెత్తటి కుర్చీలు వచ్చాయి. గోడలకు లేత పచ్చరంగు వచ్చింది. కిటికీల్లో పూలకుండీలు, వరండాలో చల్లనీళ్ళ మిషను, దాని పక్కన టీ మిషను. ఒక మూల సోఫా, సోఫా పైన గోడ మీద 'ఇది మన ఇల్లు' అని పెద్ద అక్షరాలు. ఈ కథ రాసేవాణ్ణి ఏ ఆఫీసూ ఏడాదికి మించి భరించలేదు కనుక ఈ సుఖాల్లో ఏదైనా మరిచిపోయి ఉంటే మన్నించాలి.

చివరికి తన బల్ల ముందున్న చోటు కూడా గంగిరెడ్డి కంటబడింది. గదంతా నూనె తుడుపుకు నల్లగా మెరిసే నాపరాళ్ళే గానీ, అక్కడ ఒక్క రాయి జనం నిలబడి నిలబడి తెల్లబారిపోయింది. దాని మీద ఎర్ర తివాచీ పరిపించాడు, నిలబడేవాళ్ళ కాళ్ళకు మెత్తగా ఉంటుందని.

ఏమీ మారలేదు. జనం కొత్త కుర్చీల అంచున కూర్చుని పనిచేశారు. టీ ఇంటి నుంచి ఫ్లాస్కుల్లో తెచ్చుకున్నారు. సోఫా మీద ఓబులేసు కూర్చుని ఉన్నట్టు దాన్ని చుట్టి నడిచేవారు.

ఊరి బయట ఒక చిన్న దర్గా ఉంది. అక్కడ దాదాపీర్ సామి అనే ముసలాయన బొంతలు కుడుతూ ఉంటాడు. పోయినవాళ్ళ చీరలూ పంచెలూ తెచ్చిస్తే కలిపి బొంత కుట్టి ఇస్తాడు. గంగిరెడ్డి ఆయనకు శిష్యుడు. శిష్యరికమంటే గురువారం గురువారం వెళ్ళి సూదిలో దారం ఎక్కించి ఇవ్వడమే. వేదాంతం అంతకంటే ముందుకు సాగలేదు.

ఆ గురువారం దారం సూదిలోకి పోలేదు. గంగిరెడ్డి సూదీ దారం కింద పెట్టేశాడు.

"సామీ, ఆపీసును ఇల్లు మాదిరి చేసినా. ఎవురూ ఇంట్లో ఉన్నట్టు లేరు. రేపు ఇంకొకడు గమ్మున చచ్చిపోతాడేమోనని నాకు భయం. ఇంకా ఏం కొనమంటారు?"

సామి కుడుతున్న బొంత పక్కన పెట్టాడు. దర్గాకు ఎవరొచ్చి నోరు విప్పినా ఆయన ముందు ఆ పని చేస్తాడు. తర్వాత మొహంలోకి చూస్తాడు.

"ఆ మిషను టీ బాగుంటాదా?"

"బాగానే ఉంటాది సామీ. తాగేవాళ్ళే లేరు."

"నేనొచ్చి తాగుతా పో."

ఎప్పుడొస్తాడో చెప్పలేదు. గంగిరెడ్డి అడగలేదు.

గంగిరెడ్డికి ఒక పద్ధతి ఉంది. చేతిలో ఉన్న కాగితం పూర్తయ్యేదాకా తల ఎత్తడు. తనకు ముందున్న మేనేజరు దగ్గర నేర్చుకున్న విద్య అది. గబుక్కున తల ఎత్తేవాడు జనానికి లోకువైపోతాడని ఆయన చెప్పాడు. బల్ల మీద నీడ పడితే ఎవరో వచ్చారని అర్థం. "ఉండు" అంటాడు. వచ్చినవాళ్ళు ఉంటారు. గంగిరెడ్డి తల ఎత్తకముందు నోరు తెరవడం ఆ ఆఫీసులో లేదు.

ఒక రోజు అలాగే నీడ పడింది.

"ఉండు," అన్నాడు గంగిరెడ్డి.

కాగితం అయిపోయింది. ధ్యాస పని మీదే ఉండడంతో ఇంకో కాగితం అందుకున్నాడు. నీడ కదల్లేదు.

అవతల టైపు చేసుకుంటున్న గుమాస్తా మాబున్నీ ముసలాయన్ని చూసింది. లుంగీ కింద ఆయన కాళ్ళు వణకడం చూసింది. కుర్చీలోంచి సగం లేచింది. సోఫా వైపు చూసింది. వంగి ఉన్న మేనేజరు తల వైపు చూసింది. మళ్ళీ కూర్చుంది.

ఇంకాసేపటికి పడిపోకుండా పట్టుకోవడానికి ఒక చెయ్యి వచ్చి బల్ల అంచు మీద ఆనింది. బొటనవేలి నిండా సూదిపోట్లు.

గంగిరెడ్డి లేచిన ఊపుకు మెత్తటి కుర్చీ వెనక్కి దొర్లి గోడకు కొట్టుకుంది.

"సామీ, మీరా. ఎంతసేపాయె వచ్చి? ఒక్క మాట పిలిచింటే..."

"వచ్చి నిలబడినా కద నాయనా." సామి ఊపిరి కూడదీసుకున్నాడు. "ఈడ అందరూ ఇట్లనే కదా పిలిచేది."

తర్వాత కాళ్ళ కిందికి చూశాడు.

"తివాచీ బాగుంది. మెత్తగా ఉండాది."

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా గంగిరెడ్డి విని ఉండడు. తన నోట్లోంచి వచ్చిన మాట దగ్గరే ఆగిపోయాడు. ఒక్క మాట చెప్పింటే. ఒక్క మాట పిలిచింటే. ఓబులేసు పోయిన రోజు పొద్దున కూడా బల్ల మీద ఒక నీడ పడింది. ఉండు అన్నాడు. కాగితం పూర్తి చేసి తల ఎత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు. అంత అవసరమైతే మళ్ళీ వస్తారులే అనుకున్నాడు.

అతను తల తిప్పాడు.

"మాబున్నీ. ఆ పొద్దు ఓబులేసు నా దగ్గరికి వచ్చినాడా?"

మాబున్నీ కీబోర్డు మీది నుంచి కళ్ళు ఎత్తలేదు.

"వచ్చినాడు సార్."

"ఎంతసేపుండె?"

"మీరు ఉండమంటిరి కదా సార్. ఉండె."

"మళ్ళ?"

"కాళ్ళు నిలవక, పోయి కుర్చీలో కూర్చున్యాడు."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు? ఇన్నాళ్ళూ ఎవురూ ఎందుకు చెప్పలేదు?"

మాబున్నీ కళ్ళు బల్ల ముందరి తివాచీ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాయి. ఆమె వెనక ఉన్నవాళ్ళు తలలు వంచి కాగితాలు చూసుకున్నారు.

గంగిరెడ్డి బల్ల అంచు పట్టుకున్నాడు, సామి చెయ్యి ఆనిన చోటే.

"సామీ," అన్నాడు. "ఓబులేసు చెప్పినాడు సామీ. నాకు చెప్పేకే వచ్చినాడు. తులశమ్మ వాణ్ణి ఊరికే తిడతాంది."

సామి బల్లకు ఆనించిన చేతికర్ర అందుకున్నాడు.

"ఆ మాట నాకెందుకు నాయనా చెప్పేది?"