ఎర్ర ఇసుక దేశపు మొక్క

అనగనగా, సముద్రపు ఒడ్డున ఒక చిన్న రాజ్యం. దాని రాజు కుందవర్మకు పూలంటే మహా పిచ్చి.

మనం ఇప్పుడు ఆస్ట్రేలియా అంటున్నామే, ఆ దేశం నుంచి కనకశెట్టి అనే ఓడ వర్తకుడు ఒకనాడు మూడు కుండీల్లో మూడు మొక్కలు తెచ్చాడు. బూడిదరంగు ఆకులు, నేలమీద పాకే కొమ్మలు. చూడ్డానికి ఏముంది పాపం!

"పూస్తే చూడాలి ప్రభూ!" అన్నాడు శెట్టి.

రాజు తన తోటమాలులు ముగ్గురికీ తలొకటి ఇచ్చాడు. "పూయించినవారికి తోట పెత్తనం. చంపినవారు తోట విడిచి పోవాలి" అన్నాడు.

అచ్చన్న తన మొక్కకు పేడ ఎరువు, వేపపిండి దండిగా వేశాడు. వారం తిరక్కుండా అది మాడిపోయింది. గవరయ్య, పరదేశి మొక్క కదా అని జాలిపడి పూటకో కడవ నీళ్ళు పోశాడు. వేరు కుళ్ళి అదీ పోయింది. ఇద్దరూ మూటాముల్లె సర్దుకున్నారు.

ఇక మిగిలింది పోలమ్మ. తోటలోని పాకే ఆమె ఇల్లు. అది పోతే ఆమెకు వేరే దిక్కు లేదు.

కొత్త కోడలు ఇంటికొస్తే మనం ఏం అడుగుతాం? మీ పుట్టింట్లో ఏం తింటారమ్మా అని అడుగుతాం కదా. పోలమ్మ శెట్టి ఇంటికి వెళ్ళి సరిగ్గా అదే అడిగింది.

"శెట్టిగారూ, ఈ పిల్ల పుట్టిల్లు ఎలాంటిదండీ?"

శెట్టి తెల్లబోయాడు. అంతవరకూ ఎవరూ అడగలేదు మరి! "అంతా ఎర్ర ఇసుక. నీడన్నది లేదు. వాన ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. వేరు కదిలిస్తే మాత్రం బతకదమ్మా" అన్నాడు.

పోలమ్మ ఊరవతలి దిబ్బల నుంచి ఎర్ర ఇసుక మోసుకొచ్చి, ఎండ మండే చోట పోసింది. వేరు కదలకుండా కుండీ అడుగు మాత్రం పగలగొట్టి, కుండీతో సహా మొక్కను ఆ ఇసుకలో దించింది. పది రోజులకోసారి చెంబెడు నీళ్ళు, అంతే.

చూసినవాళ్ళు ఊరుకుంటారా? "పోలమ్మ మొక్కను పస్తులు పెడుతోంది!" అని రాజుకు చెప్పారు. రాజు కోపంగా వచ్చాడు. వెంట భటుడు నీళ్ళ కడవ తెచ్చాడు.

పోలమ్మ అడ్డం నిలబడింది. "నాకూ పొయ్యాలనే ఉంది ప్రభూ, చెయ్యి ఊరుకోవడం లేదు. కానీ దీనికి పడదు. చచ్చిపోతే నన్ను వెళ్ళగొట్టండి, నీళ్ళు మాత్రం వద్దు!"

రాజు కడవ వెనక్కి పంపాడు.

నెల తిరిగేసరికి మొక్క విరగబూసింది. ఎర్రెర్రని రేకులు, నడుమ నల్లని కన్ను, అచ్చం గురివింద గింజలే! రాజు పొంగిపోయి, "వెంటనే దీనికి పట్టుపందిరి వేయించండి!" అన్నాడు.

"అయ్యో ప్రభూ, మళ్ళీ మొదటికొచ్చారు! దానికి ఎండే ఇష్టం" అంది పోలమ్మ. రాజు నాలుక కరుచుకున్నాడు.

పెత్తనం చేతికి రాగానే పోలమ్మ అచ్చన్ననూ గవరయ్యనూ వెనక్కి పిలిపించింది. వాళ్ళదీ చెడ్డ మనసు కాదుగా!

కాబట్టి పిల్లలూ, ఎవరికైనా మేలు చెయ్యాలనుకుంటే, ముందు వాళ్ళకేది మేలో అడిగి తెలుసుకోవాలి.