బ్రీతా కాచిన ఎరుపు

మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, ఏడాదిలో సగం మంచు కప్పుకుని పడుకునే స్వీడన్ దేశంలో, ఒక రాగిగని పక్కన చిన్న పల్లె ఉండేదట. అక్కడ ఇళ్లన్నీ చెక్కవే. ఎండకీ మంచుకీ మాడి అన్నీ బూడిదరంగువే. ఒక్క రాగ్నా ఇల్లు తప్ప.

రాగ్నా కలిగినావిడ. ఓడలో ఎర్రరంగు తెప్పించి వేయించింది. తెల్లటి మంచులో ఆ ఇల్లు నిప్పుకణికలా ఉండేది.

ఎదురింట్లో బ్రీతా ఉండేది. మొగుడు గనిలో పోయాడు. ఆవిడ గని దగ్గర రాళ్లు ఏరి బతికేది. రోజూ పొద్దున్నే కిటికీ తెరిచి, ఎదురిల్లు చూసి, "ఆ ఎరుపు నాకెందుకు లేదు?" అనుకునేది. గంజి తాగుతున్నా అదే మాట. రాళ్లు ఏరుతున్నా అదే మాట. రాగ్నా నవ్వుతూ పలకరించినా సరే, కడుపు మండేది.

గని పక్కన పారబోసిన ఎర్రమన్ను గుట్టలుగా ఉండేది. ఒక వేసవిలో బ్రీతా దాన్ని నీళ్లలో కలిపి గోడకి పూసింది. వాన వచ్చింది. కారిపోతున్న రంగుని రెండు అరచేతులతో అదిమి ఆపబోయింది. ఆగలేదు. రెండో వేసవిలో పాలలో కలిపింది. చలికి పెచ్చులూడిపోయింది. మూడో వేసవిలో తను తినే పిండినే గంజి కాచి, మన్ను వేసి, పొద్దంతా ఉడికించి పూసింది. వాన వచ్చింది, మంచు వచ్చింది, రంగు కదల్లేదు.

ఈలోగా రాగ్నా గోడలు వెలిసిపోయాయి. రంగు తెచ్చే ఓడ మళ్లీ రాలేదు. ఆవిడే రోడ్డు దాటి వచ్చింది.

"బ్రీతా, ఆ రంగు ఎలా చేశావో చెప్పవూ?"

"మర్చిపోయానక్కా."

మర్నాడూ వచ్చింది. "మన్ను అయిపోయిందక్కా" అంది బ్రీతా. గుట్టలేమో కళ్లెదుటే ఉన్నాయి.

మూడోనాడూ వచ్చింది. "ఏముందక్కా, మన్ను నీళ్లలో కలిపి పూయడమే" అంది బ్రీతా.

రాగ్నా నమ్మి, తన చేత్తోనే ఇల్లంతా పూసుకుంది. వారం తిరక్కుండా వాన పట్టుకుంది. నవ్వుకుందామని బ్రీతా కిటికీ తెరిచింది. రాగ్నా వానలో తడుస్తూ, రెండు అరచేతులూ గోడకి అదిమి నిలబడి ఉంది. వేళ్ల సందుల్లోంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి.

బ్రీతాకి నవ్వు రాలేదు. చలికాలానికి దాచుకున్న పిండిమూట భుజాన వేసుకుని వెళ్లింది.

"నీ ఇల్లు చూసి కుళ్లుకున్నానక్కా. అందుకే అబద్ధం చెప్పాను. ఇందులో పిండిగంజి పడాలి."

రాగ్నా గోడ మీంచి చేతులు తియ్యలేదు. "నేను మాత్రం? నీ గోడ ఎప్పుడు పెచ్చులూడుతుందా అని రోజూ చూసేదాన్ని" అంది.

వాన వెలిశాక ఇద్దరూ కలిసి పొయ్యి రాజేశారు.

బ్రీతాకి ఆ కుళ్లు పూర్తిగా పోయిందా అంటే, పోలేదట. రాగ్నా గోడే ఎక్కువ ఎర్రగా ఉందని చచ్చేదాకా సణిగేదట. కానీ అడిగిన ప్రతి ఇంటికీ వెళ్లి గంజి కాచి ఇచ్చింది. పల్లె పల్లెంతా ఎర్రబడింది.

ఇప్పటికీ అక్కడ రంగు కాచినవాళ్లు మొదటి కుంచె సొంత గోడకి వేయరు. రోడ్డు దాటి, ఎదురింటి గోడకి ఒక్క పూత పూసి, "ఇది బ్రీతాది" అని చెప్పి వస్తారు.