తూరె ఎత్తిన చెయ్యి

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. కొడతారా? సరే అయితే.

ఏళ్ళకి ఏళ్ళ వెనక, చలికి ఏరు గడ్డకట్టి దాని మీద బళ్ళు నడిచే స్వీడన్ దేశంలో ఒక ఊరుంది. ఊరి పక్కన ఏరుంది. ఏట్లో ఒక పడవుంది. పడవలో తూరె ఉన్నాడు.

తూరె బీదవాడు. వాడికున్నవి మూడే. ఒక పడవ, రెండు తెడ్లు, ఊరుకోలేని నోరు.

ఆ ఊళ్ళో ఏ పని తలపెట్టినా పెద్ద సావడిలో పెట్టె పెట్టి చెక్క బిళ్ళలు వేసేవాళ్ళు. తెల్లబిళ్ళ వేస్తే సరేనని, నల్లబిళ్ళ వేస్తే వద్దని. బాగానే ఉంది కదా? ఏం బాగు, నా మొహం! మనిషికో బిళ్ళ కాదు, పొగగొట్టానికో బిళ్ళ. రంపపు మిల్లు దొరకి ఎనభై పొగగొట్టాలు. ఊరందరివీ కలిపినా అరవై. ఊరు పోసే గంజి తాగి బీదల సత్రంలో బతికేవాళ్ళకైతే పొగగొట్టమే లేదు, ఇక బిళ్ళెక్కడిది?

ఒక ఏడు చలి ముదిరింది. సత్రానికి కట్టెలిద్దామా అని పెట్టె పెట్టారు. ఊరంతా కలిసి అరవై తెల్లబిళ్ళలు వేసింది. దొర ఒక్కడే వచ్చి, గంపెత్తి ఎనభై నల్లబిళ్ళలు కుమ్మరించి పోయాడు. అంతే! ఆ వారంలో సత్రంలో ముగ్గురు చలికి కొయ్యబారి చచ్చిపోయారు.

తూరె నోరు ఊరుకోలేదు. “ఒక్క మనిషి! ఎనభై బిళ్ళలా!” అన్నాడు. ఇక పడవెక్కిన ప్రతివాడికీ అదే పాట. “మనిషికి ఒక బిళ్ళ. ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

రాజుగారి సభలో అప్పట్లో ఉదారవాదులని ఒక పక్షం ఉండేది. ఈ మాట ఏరు దాటి వాళ్ళ చెవిన పడింది. వాళ్ళు తూరెని తమవాడిగా నిలబెడితే, అవతలి ఒడ్డు పట్నంవాళ్ళు ఎన్నుకుని సభకి పంపారు. పడవవాడేంటి, రాజుగారి సభేంటి అని ఊరంతా ముక్కున వేలేసుకుంది.

బయల్దేరే రోజు సత్రంలో ఉండే బ్రీత అవ్వ కర్ర పోటేసుకుంటూ రేవుకొచ్చింది. పోయిన ముగ్గురిలో ఒకడు ఆమె మొగుడు.

“నాయనా, నాకూ వస్తుందా బిళ్ళ?”

“నీకు రాకపోతే ఎవరికీ రానట్టే, అవ్వా. ఇదిగో, నా మాట.”

“అయితే లెక్క మొదలెట్టే ముందు ఓసారి బయటికి చూడమను. మేం నడిచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది.”

తూరె సభకి వెళ్ళాడు. మొదటి ఏడు లేచి, “మనిషికి ఒక బిళ్ళ” అన్నాడు. పెద్దలు పొట్ట పట్టుకుని నవ్వారు. రెండో ఏడు లేచి, “మనిషికి ఒక బిళ్ళ” అన్నాడు. పెద్దలు లేచి వెళ్ళిపోయారు. మూడో ఏడు లేచి, “మనిషికి ఒక బిళ్ళ” అన్నాడు. తెల్లగడ్డం పెద్ద ఒకడు పక్కకి పిలిచాడు.

“ఇస్తామయ్యా. ఆడా మగా అందరికీ ఇస్తాం. ఒక్క వాక్యం మాత్రం నీ చేత్తో చేర్చు. ఊరి గంజి తాగేవాళ్ళకి లేదని రాయి.”

తూరెకి అవ్వ గుర్తొచ్చింది. కలం ఆగింది. ముందు ఇది రానీ, వచ్చే ఏడు ఆ వాక్యం కొట్టేయిద్దాంలే అనుకున్నాడు. రాసేశాడు! ఓరి పిచ్చి సన్నాసీ, మాటిచ్చి వచ్చావు కదరా! ఉండండి, కాసిని మంచినీళ్ళు తాగనివ్వండి. ఈ చోటికి వస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బిళ్ళలు వేసే రోజు వచ్చింది. దొర ఒక్క బిళ్ళ పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఊరంతా పండగ! అప్పుడొచ్చింది బ్రీత అవ్వ, ఆలస్యంగా, కర్ర పోటేసుకుంటూ. కాపలావాడు కాగితం చదివి, “సత్రంవాళ్ళకి లేదవ్వా,” అన్నాడు.

“ఎవరు రాశారు?”

“నేనే,” అన్నాడు వరసలో ఉన్న తూరె.

అవ్వ తిట్టలేదు, శాపం పెట్టలేదు. “పోనీలే నాయనా,” అని వచ్చిన దారినే మంచులో వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

తూరె మూడేళ్ళు సభలో ఆ వాక్యం కొట్టేయమని మొత్తుకున్నాడు. “మనకి వచ్చింది కదా, ఇంకా ఎందుకయ్యా రభస?” అన్నారు ఊరివాళ్ళు. అవతలి పట్నంవాళ్ళూ అదే అన్నారు. మళ్ళీ ఎన్నికొస్తే ఇంకొకణ్ణి ఎన్నుకున్నారు. ఏరు దాటి తెప్ప తగలేశారు. ఇంకా వినండి. ఆయన ఇప్పించిన బిళ్ళలతోనే ఏటి మీద వంతెన కట్టించుకున్నారు! ఇక పడవెవడెక్కుతాడు? తూరె ముసలివాడయ్యాడు, కూడు కరువైంది, బీదల సత్రంలో చేరాడు. బ్రీత అవ్వ అప్పటికే పోయింది. ఆవిడ పడుకున్న మంచమే ఈయనకిచ్చారు.

మళ్ళీ బిళ్ళలు వేసే రోజు వచ్చింది. మంచు కురుస్తోంది. తూరె నడిచి నడిచి సావడి గుమ్మానికొచ్చాడు. కాపలావాడు నోరెళ్ళబెట్టాడు.

“అయ్యా! మీరా? మీకు... మీకు లేదండీ.”

“తెలుసు నాయనా. రాసింది నేనే కదా. లోపలికి రాను. బయట ఒకడున్నాడని మాత్రం చెప్పు.”

అలా అని, గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని, బిళ్ళకి బదులు ఇదే అన్నట్టు కుడిచెయ్యి పైకెత్తాడు. కాపలావాడు లోపలికెళ్ళి చెప్పాడు. “పాపం, కూర్చోనీలే,” అన్నారు. జనం వచ్చారు, వెళ్ళారు. ఎవరూ మొహం చూడలేదు.

పొద్దు వాలింది. లెక్క పూర్తయి తలుపు తీశారు. తూరె అక్కడే ఉన్నాడు. చెయ్యి ఎత్తే ఉంది. “ఇక దించవయ్యా, అయిపోయింది,” అని ఒకడు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు కెవ్వున అరిచాడు.

ప్రాణం లేదు.

ముగ్గురు లాగినా ఆ చెయ్యి దిగలేదు. శవపేటిక మూత పడలేదు. ఊళ్ళో వడ్రంగి ఏడుస్తూ మూతకి చిల్లు పెట్టాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే మట్టిలోకి పంపారు. మర్నాడు ఊరు ఊరంతా, మిల్లు దొరతో సహా, రాజుగారి సభకి నడిచింది. ఆ వాక్యం కొట్టేసేదాకా మెట్ల మీంచి లేవలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో బిళ్ళలు లెక్కపెట్టే ముందు, ఎంత మంచు కురుస్తున్నా తలుపు బార్లా తీస్తారు. అందరిలోకీ బీదవాళ్ళెవరో వాళ్ళు గుమ్మంలో నిలబడి మూడుసార్లు అడుగుతారు.

“బయట ఎవరన్నా ఉన్నారా? బయట ఎవరన్నా ఉన్నారా? బయట ఎవరన్నా ఉన్నారా?”

బయట ఎవరూ ఉండరు. అయినా గుమ్మం పక్కనున్న ఆ ఖాళీ బల్లని తడిమి చూసుకుని, అప్పుడే లెక్క మొదలుపెడతారు.