కొమురవ్వ పోసిన నీళ్ళ సాక

ఆ ఉదయమున ఆకాశము తెల్లవారియు తెల్లవారనట్లుండెను. రాత్రి కురిసి వెలిసిన మబ్బు, కత్తిరించి ఆరబోసిన ఉన్నివలె తూర్పున ముద్దలు ముద్దలుగా పడియుండెను. సూర్యుడు దాని వెనుకనే ఉన్నాడని తెలియుచుండెను గాని కానరాకుండెను. అట్టి వేళ వేణుభద్రుడను ముని తన గురువైన శాంతవ్రతునికి నమస్కరించి యిట్లు అడిగెను:

"స్వామీ, ఊరూరు తిరిగి వచ్చితిని. పరదేశము పోయిన భర్తకై ఎదురుచూచు స్త్రీలను చూచితిని. వారి బాధ నాకు తెలిసినది. కాని భర్త ఇంటి అరుగు మీదనే పడియుండగా అతని కొరకే వాకిట నిలిచి దారి చూచువారిని కూడ చూచితిని. మనిషి కండ్లయెదుట ఉండియు లేకుండుట ఎట్టి ఎడబాటు? త్రాగుడును మత్తుపొడులును పట్టుకొనిపోయిన వానిని మరల ఇల్లు చేర్చు నోము గలదా?"

శాంతవ్రతుడు తూర్పు వంక చూచి, "గలదు. నీళ్ళ సాక నోమని దానికి పేరు. సాక యనగా పల్లెలలో అమ్మవారి ముంగిట ధారగా పోయు అర్పణము. ఈ నోమును తప్పుగా పట్టిన నాడు ఏమైనదో, సరిగా పట్టిన నాడు ఏమైనదో రెండును చెప్పెదను, వినుము" అని చెప్పసాగెను.

మెట్ట నేలల నడుమ రాళ్ళకుంట యను పల్లె యుండెను. అందు బీరయ్య యను కురుమ కాపరియు, అతని భార్య కొమురవ్వయు గొర్రెల మందతో బ్రతుకుచుండిరి. పొద్దు గూకువేళ బీరయ్య ఊరిబయటి గుట్టమీదికెక్కి ఒక కేక వేయును. ఆ కేకలో మాట లేదు, హోర్ హో యను సాగదీత మాత్రమే యుండెను. దానికి మెట్ట చెలకలలో చెదిరిన గొర్రెలన్నియు తలలెత్తి ఒక్కమారుగా ఇంటివైపు తిరుగును. ఇంటికడ కొమురవ్వ ఆ కేక విని పొయ్యి మీద ఎసరు పెట్టును. వారి కాపురమంతయు ఆ కేక మీద నడిచెను.

ఉన్ని కోతనాడు ఒంటినొప్పులకని పట్టిన త్రాగుడు జాతరలలో హెచ్చి, పిమ్మట బెల్టుషాపు సీసాలకు తిరిగెను. తెల్లవారగనే చేతులు వణకుచుండ బీరయ్య లేచిపోవును. గొర్రెలు పరుల చేలలో పడెను, తగవులు వచ్చెను, ఈనిన గొర్రె పిల్లలను కుక్కలెత్తుకొనిపోయెను. అన్నిటికంటె మించి, గుట్టమీది కేక ఆగిపోయెను. కొమురవ్వ తానే గుట్టెక్కి కేక వేసెను. గొర్రెలు ఒకపరి తలయెత్తి చూచి మరల మేతకు వంగెను. ఎసరు పెట్టు వేళ యేదో ఆమెకు తెలియకపోయెను. పొయ్యి ముందు చెవియొగ్గి కూర్చుండి చీకటిపడువరకు వినుచుండెడిది. తన మనిషి మనిషియై వచ్చినచో కల్లు సాక పోసెదనని ఊరి మైసమ్మకు మ్రొక్కుకొనెను.

అంతట బీరయ్య అన్న మల్కయ్య వచ్చి, పట్నపు బాటన పెద్దగేటు గల తాగుడు మాన్పించు నిలయమొకటి యున్నదని చెప్పెను. కొమురవ్వ లోపలి గదులు చూడలేదు. వైద్యుడెవరని అడుగలేదు. ఎప్పటికి బాగగునని మాత్రమే అడిగెను. గొర్రెలమ్మిన పైకము నిలయపువాని చేతిలో పెట్టెను. మోకాలి వైద్యుని కడకని చెప్పి బీరయ్యను ఆటోలో తీసికొనిపోయిరి. గేటు మూసినప్పుడు లోపలినుండి అతడు "కొమురా!" అని పిలిచెను. వెనుదిరిగి చూచిన వైద్యము చెడునని అచటివాడు చెప్పియుండుటచే ఆమె చూడలేదు. పిమ్మట చూడబోయిన నాడెల్ల గేటుకడనే మరలించిరి. లోపల వైద్యుడు లేడనియు, వణకు వచ్చినప్పుడు మంచమునకు కట్టిరనియు ఆమెకు చాల నాళ్ళకు గాని తెలియలేదు.

బీరయ్య చిక్కి, మాట తగ్గి, ఇల్లు చేరెను. కొమురవ్వ సంతోషము పట్టలేక మైసమ్మ గుడి ముంగిట కల్లు సాక పోసెను. సాక పోయగా లొట్టి యను కల్లుకుండలో మిగిలినది ఎవరి కొరకు మ్రొక్కిరో వారి దోసిట పోయుట ఆ పల్లె ఆచారము. అతడు చేతులు వెనుకకు తీసికొనెను.

"అమ్మవారి సాకనయ్యా. గిది తాగుడెట్లైతది? కండ్లకద్దుకొని తీస్కో" అని ఆమె బ్రతిమాలెను.

అతడు ఆమె ముఖము వంక ఒకసారి చూచి దోసిలి పట్టెను. ఆ పొద్దు గూకకముందే కల్లు దుకాణము చేరెను. ఆ యేడు మంద సగమయ్యెను. గుట్ట మూగదై నిలిచెను.

ఒకనాడు మిట్టమధ్యాహ్నము కొమురవ్వ బస్సు ఆగుచోట అరుగుపై కూర్చుండి ఏడ్చుచుండగా, ముఖమునిండ పసుపు పూసుకొన్న ముసలిదొకతె వచ్చి పక్కన కూర్చుండి, దూపైతున్నదని నీళ్ళడిగెను. కొమురవ్వ తన సీసాలోని నీళ్ళు పోసెను. ముసలిది గుటగుట త్రాగి, "గింత రంది ఏందే బిడ్డా?" అని అడుగగా, ఆమె జరిగినదంతయు చెప్పి, "అమ్మవారికి కల్లు తక్కువైందేమో అవ్వా. ఈసారి రెండు కుండలు పోస్త" అనెను.

ముసలిది నవ్వెను. "ఇప్పుడు నాకు దూపైతే నువ్వేం పోసినవ్? నీళ్ళే గద. చాలలేదన్ననా?"

వచ్చినది మైసమ్మ తల్లియని కొమురవ్వ ఎరిగెను. కాళ్ళమీద పడెను. అప్పుడు తల్లి నోము విధానమంతయు చెప్పెను. మోసపుచ్చి తీసికొనిపోరాదు, మత్తు దిగిన వేళ అడిగి ఒప్పించవలెను. ముందుగా నీవే పోయి ఆ చోటు చూడవలెను. వైద్యుడెవరని, వణకు వచ్చినప్పుడు కనిపెట్టుకొనియుండువారెవరని, కలువనిత్తురా యని, ఇల్లు చేరిన పిమ్మట కష్టమైనచో ఎవరి కడకు రావలెనని అడుగవలెను. ఈ మాటలకు నొసలు ముడుచుచోట పైసా పెట్టరాదు. కలువనిచ్చిన నాడెల్ల పోవలెను. వచ్చినవాని కంటబడునట్లు ఇంట సీసా ఉండరాదు. నాకు కల్లు వలదు, నీళ్ళు పోయవలెను. కొమురవ్వ తలయెత్తి చూచునప్పటికి అరుగు మీద వేపమండ మాత్రమే యుండెను, బస్సు వచ్చి యాగియుండెను.

ఆ బస్సులోనే ఆమె బయలుదేరెను. మొదట పెళ్ళిమండపమువలె నున్నగా మెరయు నిలయమొకటి చూచెను. అచటి పెద్దమనిషి శీతలపానీయమిప్పించి, "గ్యారంటీ అమ్మా. మందంత అమ్మెయ్, మనిషి దక్కుతడు" అనెను. ఆ మాటకు ఆమె గుండె కరగెను. చేయి కొంగుముడి మీదికి పోయెను. కాని కలువనిత్తురా యని అడుగగా, అది తమ పద్ధతి కాదనెను. ఆమె శీతలపానీయము అట్లే యుంచి లేచివచ్చెను.

పిమ్మట జిల్లా పెద్దదవాఖానకు పోయెను. సున్నము రాలిన వార్డులో పడుచు డాక్టరమ్మ మంచము మంచము తిరిగి చూపెను. ఇచట మందులకు ఖర్చు లేదనియు, వణకు తగ్గిన పిమ్మట పక్కవీధి ఆశ్రమములో ఉండుటకు ఇంతయగుననియు ముందుగనే చెప్పిరి. రోగి తోడి మనిషి రావచ్చుననిరి.

"మంచిగైతడా అమ్మా?" అని కొమురవ్వ అడిగెను.

"చాలమంది ఐతరు. కొందరు మల్ల తాగుతరు. తాగితే తిట్టకుండ మల్ల తోలుకరా."

"గ్యారంటీ లేదా మరి?"

"లేదు."

"మందంత అమ్మి తెస్తనమ్మా, ఎంతైన గానీ."

డాక్టరమ్మ వ్రాయుట ఆపి, "అమ్మకు. ఆయన తిరిగొస్తే దేనికోసం రావాలె?" అనెను.

కొమురవ్వ దారిపొడుగున ఆ మాటనే తలచుకొనెను. ముసలి పొట్టేళ్ళను మాత్రమే అమ్మెను. ఒకనాటి తెల్లవారుజామున, బీరయ్య చేతులు వణకుచుండ దొడ్డి గోడకానుకొని యుండగా పోయి ఎదుట కూర్చుండెను.

"పోయినసారి మోసం జేసి తోలుకపోయిన. నువ్వు పిలిస్తె తిరిగి సూడలే. ఈసారి అడుగుతున్న. దవాఖానకొస్తవా?"

అతడు దొడ్డిలోని గొర్రెల వంక చూచెను. పిదప, "గొర్లెవరు కాస్తరు?" అనెను.

"నేను."

"నీ కేక ఇనయవి."

"నువ్విన్నవా ఇన్నేండ్లు? నీకన్న అవే నయం తీ."

బీరయ్య పెదవుల మీద నవ్వువంటిది కదలెను. లేచి కంబళి భుజాన వేసికొనెను.

అతడు వార్డులోను, పిమ్మట ఆశ్రమములోను ఉన్న దినములందు కొమురవ్వ ప్రతి సాయంకాలము గుట్టెక్కి కేక వేసెను. గొర్రెలు ఆమె వైపు గాక, బాట వైపు చూచెను. ఆమెయు అటే చూచెను. కలువనిచ్చు దినమున జొన్నరొట్టెలు కట్టుకొనిపోయి అతని పక్కన కూర్చుండెడిది. ఒకనాడు అతడు చెవి కత్తిరించిన నల్లగొర్రె ఈనినదా యని అడిగెను. ఆ ఒక్క మాటను ఆమె ఇల్లు చేరువరకు మోసికొనివచ్చెను.

అతడు తిరిగివచ్చిన నాడు ఆమె చెంబెడు నీళ్ళలో పసుపు కలిపి, వేపమండ వేసి, మైసమ్మకు సాక పోసెను. మల్కయ్య భార్య చంద్రవ్వ నడుముపై చేతులుంచుకొని, "అమ్మవారికి నీళ్ళా? గొర్లమ్మినంక గూడ లొట్టి కల్లుకు గతిలేదానే చెల్లే?" అని పదిమందిలో ఎత్తిపొడిచెను. కొమురవ్వ మిగిలిన నీళ్ళు భర్త దోసిట పోసెను. అతడు త్రాగెను.

వాన కాలము పోవునంతలో మేనల్లుని పెండ్లి వచ్చెను. సందడిలో బీరయ్య మాత్రలు మరచెను, దవాఖానకు పోవు దినము మరచెను, మూడుముళ్ళు పడకముందే త్రాగి పందిట పడెను. చూసినవా, అమ్మకు నీళ్ళు పోసిన ఫలము గిది యని బంధువులందరు అనిరి. కొమురవ్వ లొట్టి చేతబట్టి కల్లు దుకాణము వరకు నడిచెను. ముంతలోనుండి నురుగు పొంగుచుండగా చూచెను. దూపైనప్పుడు నీళ్ళు చాలునన్న మాట చెవిని పడినట్లాయెను. ఉత్త లొట్టితో తిరిగివచ్చి, మత్తు దిగువరకు భర్త ప్రక్కన కూర్చుండి, దవాఖానకు పోదమా యని అడిగెను. అతడు తల వంచుకొని ముందుగా తానే పోయి బస్సు ఆపెను. డాక్టరమ్మ ఎందుకు త్రాగితివని అడుగలేదు, మంచము చూపెను.

బీరయ్య దవాఖాననుండి రెండవసారి వచ్చిన నాడు కొమురవ్వ మరల నీళ్ళే సాక పోసెను. ఆ పొద్దు గూకువేళ ఆమె పొయ్యి ముందు కూర్చుండి పిడకలు విరుచుచుండెను. అప్పుడు గుట్టమీదినుండి కేక వినబడెను. మొదట గొంతు జీరవోయి తెగెను. మరల లేచెను. చెలకలలో గొర్రెలన్నియు తలలెత్తి ఒక్కమారుగా తిరిగెను. కొమురవ్వ ఎసరు పెట్టెను.

"కాబట్టి ఓ వేణుభద్రా! త్రాగు భర్త గల ఇల్లాలు గాని, గంజాయి పాలైన కొడుకు గల తల్లి గాని, తోబుట్టువు గాని, తన చేయి తాను వణకుట చూచి భయపడిన మనిషి గాని ఈ నోము పట్టవలెను. మరల తప్పినవారు మొదటినుండి పట్టవచ్చును, తల్లి తప్పులెంచదు. పట్టినవారికి మంద పెరుగును, చేలగట్ల తగవులు అణగును, తెల్లవారుజామున భయములేని మెలకువ కలుగును, ఎదురుచూచువారి వాకిట అడుగుల చప్పుడు వినబడును" అని శాంతవ్రతుడు చెప్పి ముగించెను.

వేణుభద్రుడు, "స్వామీ, ఆ రాత్రి వారు ఏమి మాటలాడుకొనిరి?" అని అడిగెను.

శాంతవ్రతుడిట్లనెను: "ఏమియు లేదు. ఆమె రెండు కంచములలో జొన్నగట్క పెట్టి పుంటికూర పోసెను. అతడు కాళ్ళు కడుగుకొని వచ్చి కూర్చుండెను. కూరలో ఉప్పు తక్కువైనది. అతడనలేదు, ఆమె అడుగలేదు. అతని చేయి వణకకుండ ముద్ద నోటికి పోవుట ఆమె చూచి, చూడనట్లు తన కంచములోనికి వంగెను. దొడ్డిలో గొర్రెలు నెమరువేయు చప్పుడు వినుచు ఇద్దరును కడుపార తినిరి. కథ విన్న మీరును అట్లే లేచి, వచ్చినవానిని నడుమ కూర్చుండబెట్టుకొని, ఏమియు అడుగక భుజింపుడు."

ఆ మాటతో చెప్పినవారును, విన్నవారును అక్షతలు తలనుంచుకొని, ఒక్క బంతిని కూర్చుండి, మాటలేక తినిరి.