వెల కట్టలేని బెరడు

అనగనగా ఒక అడవిలో, కొండవాగు పక్కన, సోమన్న అని ఒక ముళ్ళపంది ఉండేవాడు. ఆ అడవి పేరేంటని అడక్కండి. పేర్లడగడం మొదలుపెడితే మనం కథలోకి వెళ్ళేలోపే మీరు నిద్రలోకి వెళ్తారు. కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా వినండి.

ఈ సోమన్న బొమ్మలు వేసేవాడు. కుంచెల కోసం వెతుక్కునే పనే లేదు, వీపు నిండా ముళ్ళే. ఒక ముల్లు పీకడం, రంగులో ముంచడం, గీయడం. మోదుగుపూలు నానబెట్టి నారింజ రంగు తీసేవాడు. పసుపుకొమ్ము అరగదీసి పసుపు, జాజుమన్ను కలిపి ఎరుపు, నీలిచెట్టు ఆకుతో నీలం. కొంగ గూటికి చేప బొమ్మ వేసిపెట్టాడు. ఎలుగుబంటి గుహ గుమ్మానికి తేనెపట్టు వేశాడు. చూసినవాళ్ళు ఇది చేప, ఇది తేనెపట్టు అని ఇట్టే చెప్పేసేవారు. బొమ్మ వేయించుకున్నవాళ్ళు తమకి తోచిన పండో కాయో చేతిలో పెట్టేవారు. సోమన్న అది తిని, తేన్చి, ఇంకో ఇంటికి వెళ్ళేవాడు.

మరి రంగు మార్చినప్పుడల్లా ముల్లు తుడుచుకోవాలి కదా? దానికో పెద్ద బెరడు ముక్క పెట్టుకున్నాడు. తుడిచి తుడిచి ఆ బెరడు నిండా మరకలే. ఎరుపు మీద పసుపు, పసుపు మీద నీలం, మధ్యలో ఎక్కడో చెయ్యి జారి ఒలికిన నారింజ రంగు. ఒకరోజు అది తడిగా ఉందని బండకి ఆనించి ఎండలో పెట్టాడు.

అటుగా పద్దాలు వచ్చాడు. పద్దాలంటే నక్క. ఇక్కడి సరుకు అక్కడ, అక్కడి సరుకు ఇక్కడ ఇచ్చిపుచ్చుకుని బతికేవాడు. బెరడు చూసి ఆగాడు. తల ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు.

"సోమన్నా, దీనికి వెల ఎంత కడతావ్?" అని అడిగాడు.

సోమన్న నోట్లో రెండు ముళ్ళు పట్టుకుని పనిలో ఉన్నాడు. తల కూడా తిప్పలేదు. "దానికా? వెల కట్టలేనయ్యా. కావాలంటే తీసుకుపో" అన్నాడు.

ఆ మాట విన్నారా? ఒక వస్తువు బొత్తిగా ఎందుకూ పనికిరాదనుకోండి, దానికి వెల కట్టలేం. మరీ గొప్పదనుకోండి, దానికీ వెల కట్టలేం. మాట ఒకటే. సోమన్న ఒకలా అన్నాడు, పద్దాలు ఇంకోలా విన్నాడు. ఎలా వింటే లాభమో వాడి చెవులకి బాగా తెలుసు. బెరడు చంకలో పెట్టుకుని చల్లగా జారుకున్నాడు.

సాయంత్రానికల్లా ఆ బెరడు వాగు ఒడ్డున ఎత్తైన రాయి మీద నిలబడింది. నీళ్ళకొచ్చిన జంతువులన్నీ చుట్టూ మూగాయి. పద్దాలు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదండోయ్. "ఇది వేసినది మన సోమన్న. దీనికి వెల కట్టలేనని తన నోటితో తనే అన్నాడు" అన్నాడంతే. ఆ పైన చేతులు కట్టుకుని ఊరుకున్నాడు.

ముందు ఎలుగుబంటి వచ్చి ఎగాదిగా చూసింది. ఎవరో తొక్కేసిన తేనెపట్టులా ఉందని గొణిగింది. పద్దాలు జాలిగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎలుగుబంటి మొహం చిన్నబోయింది. తొక్కేసిందంటే తన ఉద్దేశం మామూలుగా తొక్కడం కాదని, లోతుగా తొక్కడమని ఏదో సర్దుకుంది.

తర్వాత నెమలి వచ్చింది. దానికి ఆ నీలంలో తన మెడ కనిపించింది. ఇంకేం, ఇంత గొప్ప పని తన జన్మలో చూడలేదని మెడ ఎత్తి మరీ చెప్పింది.

ఆ తర్వాత దుప్పి. దానికి ఏమీ అనిపించలేదు. కానీ ఎలుగుబంటీ నెమలీ తల ఊపుతున్నాయి కదా, అదీ ఊపింది. అది ఊపితే వెనకున్నవాళ్ళూ ఊపారు. చూస్తుండగానే వాగు ఒడ్డంతా తలలే ఊగుతున్నాయి.

అప్పుడొచ్చాడు గవర్రాజు. గవర్రాజు బెట్టుడుత. మన పెరట్లో తిరిగే చారల ఉడత కాదు, పిల్లి అంత ఉంటుంది, తోక దానికంటే పొడుగు. కొమ్మల మీద నుంచి కిందికి దిగడమే నామోషీ అనుకునే జాతి. గవర్రాజుకి చెట్టు తొర్రలో ఇల్లు, మంగాయమ్మ అని భార్య, అప్పుడే కళ్ళు తెరిచిన మూడు కూనలు. వానాకాలమంతా బయటికి వెళ్ళడం కుదరదని భార్యాభర్తలిద్దరూ వేసవంతా కష్టపడి తొర్ర నిండా తిండి దాచారు. పనసపిక్కలు, ఇప్పగింజలు, చింతగింజలు. ఆ తిండి మీదే కూనల ప్రాణం.

గవర్రాజు బెరడు వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత ఊగుతున్న తలల వైపు చాలాసేపు చూశాడు. మెల్లగా పద్దాలు చెవి దగ్గరికి వచ్చి, దీని అర్థమేంటని అడిగాడు.

"అర్థం అడిగేవాళ్ళ కోసం కాదులెండి ఇది, గవర్రాజుగారూ" అన్నాడు పద్దాలు, అందరికీ వినపడేలా.

గవర్రాజుకి ఒళ్ళు మండింది. అడిగిందెవరని, తనకి చూడగానే తెలిసిపోయిందని, పద్దాలు నలుగురికీ చెబుతాడేమోనని ఊరికే కదిలించానని బుకాయించాడు. అంత తెలిసినవాడు కొనకుండా ఎలా వెళ్తాడు? వెల చెప్పమన్నాడు.

"వెల కట్టలేనిదానికి వెల చెప్పమంటే నేనేం చెప్పను? మీ దగ్గర ఎంతుంటే అంత" అన్నాడు పద్దాలు.

అందరూ గవర్రాజు వైపే చూస్తున్నారు. అక్కడే వాడు ఒక్క మాట, తనకి అర్థం కాలేదన్న ఒక్క మాట అనుంటే కథ ఇక్కడే అయిపోయేది, మీరు పడుకునేవారు. వాడలా అనలేదు. తొర్ర ఖాళీ చేసి ఇచ్చేశాడు. మంగాయమ్మ ఆ సమయంలో పిల్లల పక్కకి మెత్తటి పీచు ఏరుకురావడానికి వెళ్ళింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి తొర్రలో ఒక్క గింజ లేదు, గోడకి బెరడు ఉంది. గవర్రాజు గడగడా చెప్పుకుపోతున్నాడు. నెమలి ఇలా అంది, దుప్పి అలా ఊపింది, ఇక అడవంతా మన గుమ్మం ముందే ఉంటుంది చూడు అని.

"మీకు నచ్చిందా?" అని అడిగింది మంగాయమ్మ.

"అందరికీ నచ్చింది."

"నేను అడిగింది మిమ్మల్ని."

గవర్రాజు మళ్ళీ నెమలి ఏమందో మొదలుపెట్టాడు. మంగాయమ్మ ఏడుస్తూ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడకి కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. చుట్టాలు, తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, అందరూ వచ్చి చూసి ముక్కున వేలేసుకుని వెళ్ళారు. ఆ తర్వాత ముసురు పట్టింది. మామూలు ముసురా అది? ఆకాశానికి చిల్లు పడిందేమో అన్నట్టు. పళ్ళన్నీ రాలి వాగులో కొట్టుకుపోయాయి. మంగాయమ్మకి తిండి లేక పాలు తగ్గాయి. కూనలు కీచుకీచుమని ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేశాయి. వాటి గొంతు వినపడకపోయేసరికి గవర్రాజు గోడ మీది బెరడు ఊడదీశాడు.

బెరడు నెత్తిన పెట్టుకుని ఆ వానలోనే బయల్దేరాడు. ముందు నెమలి దగ్గరికి వెళ్ళాడు. ఇంత గొప్పదాన్ని ఉంచుకునే అర్హత తనకి లేదని, దూరం నుంచి చూసి ఆనందిస్తానని నెమలి తీయగా చెప్పి పంపేసింది. ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళాడు. తిండి విషయం ఎత్తగానే ఎలుగుబంటికి ఎక్కడలేని నిద్ర ముంచుకొచ్చింది. ఇక పద్దాలు ఇంటి గుమ్మం తొక్కాడు. ఇచ్చిన గింజల్లో సగమైనా, పోనీ ఒక మూట అయినా ఇచ్చి బెరడు తీసుకోమని బతిమాలాడు.

"ఎంత మాట. వెల కట్టలేనిదాన్ని నేనెలా కొనగలనండీ?" అన్నాడు పద్దాలు, లోపల పనసపిక్కలు కాలుతున్న వాసన బయటికి వస్తుండగా.

ఇక మిగిలింది సోమన్న. వణుకుతూ ముళ్ళపంది బొరియలోకి దూరాడు గవర్రాజు. సోమన్న వాణ్ణి చూసి నవ్వాపుకోలేకపోయాడు. ఎందుకంటారా? వానకి బెరడు మీది రంగులన్నీ కారి గవర్రాజు ఒంటి మీదికి దిగాయి. వీపు ఎర్రగా, పొట్ట పసుపుపచ్చగా, తోక చివర నారింజ రంగు. నెత్తి మీద బెరడు మాత్రం ఉత్త బెరడు.

"ఏంటయ్యా గవర్రాజూ, నా తుడుపు బెరడు మోసుకు తిరుగుతున్నావ్?"

"తుడుపు బెరడేంటి? దీనికి వెల కట్టలేనన్నావట కదా?"

"ముల్లు తుడుచుకునే బెరడుకి వెలేం కడతాను నాయనా?"

గవర్రాజు అక్కడే కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు, వాన నీళ్ళు కలిసి కారుతున్నాయి.

"నా పిల్లలు పస్తున్నారు సోమన్నా. నేను తెలివైనవాణ్ణని నలుగురూ అనుకోవాలని, వాళ్ళ నోటి దగ్గరి కూడు తీసి ఇచ్చేశాను" అన్నాడు.

సోమన్న నవ్వు ఆగిపోయింది. తను కూడా ఆ రోజు ముళ్ళు నోట్లోంచి తీసి సరిగ్గా చెప్పి ఉండాల్సిందని బాధపడ్డాడు. ఇంకో మాట మాట్లాడకుండా బొరియ లోపల దాచుకున్న దుంపలు తీసి మూట కట్టాడు. ఒక్కడివల్ల కాదని తనే మరో మూట వీపుకెత్తుకుని తోడు వచ్చాడు. మంగాయమ్మ తింది, కూనలు తాగాయి. మొదటి కూన కీచుమనగానే గవర్రాజు పెద్దగా ఏడ్చేశాడు. ఆ రంగులు ఎంత కడిగినా వదల్లేదు. ఈనాటికీ బెట్టుడుతకి ఒళ్ళంతా అన్ని రంగులు అందుకేనని మా నాన్న చెప్పేవాడు. నేను నమ్మాను, మీరూ నమ్మండి.

వానలు వెళ్ళాయి, చలికాలం వచ్చింది. పద్దాలు సోమన్న దగ్గర ఇంకో బెరడు సంపాదించాడు. ఈసారి సోమన్న అది ముల్లు తుడిచిన బెరడని విడమరిచి మరీ చెప్పాడు. ఆ మాట పద్దాలు వాగు ఒడ్డుదాకా తీసుకురాలేదు. బెరడు మాత్రం మళ్ళీ రాయి మీద పెట్టాడు. నెమలి, ఎలుగుబంటి, దుప్పి, అందరూ మూగారు. ఈసారి అందరూ తిరిగి గవర్రాజు వైపు చూశారు. ఎంతైనా ఇలాంటివి తెలిసినవాడు వాడే కదా.

గవర్రాజు ముందుకొచ్చాడు. ఈసారి తలల వైపు చూడలేదు, బెరడు వైపే చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాకేమీ అర్థం కాలేదు" అన్నాడు.

అప్పుడు దుప్పి హమ్మయ్య అని ఊపిరి వదిలి, తనకీ అంతేనంది. ఎలుగుబంటీ అంతే. వెనకున్నవాళ్ళంతా మాకూ మాకూ అన్నారు. నెమలి మాత్రం ఏదో పనున్నట్టు అటు తిరిగి ఈకలు దువ్వుకుంది.

పద్దాలు బెరడు చంకన పెట్టుకుని వెళ్ళిపోబోతుంటే, వెనక నుంచి మంగాయమ్మ వచ్చింది.

"ఆగు. అర్థం సంగతి నాకూ తెలీదు గానీ, నాకిది నచ్చింది" అంది. "ఆ పసుపు మీద నీలం చూస్తుంటే వాన వెలిసిన పొద్దులా ఉంది. పిల్లల పక్క దగ్గర పెట్టుకుంటాను."

పద్దాలు కళ్ళు మెరిశాయి. "అమ్మా, మరి దీనికి వెల కట్టలేం కదా."

"నేను కడతాగా. దోసెడు రేగుపళ్ళు. నాకు అంత నచ్చింది, అంతకంటే నచ్చలేదు."

పద్దాలు చుట్టూ చూశాడు. ఒక్క తలా ఊగలేదు. రేగుపళ్ళు తీసుకుని, బెరడు ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నీతి: వస్తువు వెల ఎవరైనా చెప్పొచ్చు, అది మనకి నచ్చిందో లేదో మాత్రం మన కళ్ళతో మనమే చూసి చెప్పాలి, నచ్చినా సరే, పిల్లల కూడు పెట్టి కొనకూడదు.